మొదటిసారి గట్టి కట్టె కొనబోయే బిడ్డకు

బిడ్డా,

టింబర్ డిపోకు పోయే ముందు చేయబోయే వస్తువును ముక్కలు ముక్కలుగా కాగితం మీద రాసుకో. కాగితం లేకుండా పోతే అమ్మేటాయన చూపించిందే కొనుక్కొస్తవు. టేపు కూడా నీదే పట్టుకపో.

కట్టెను సీఎఫ్టీల్లో, అంటే ఘనపుటడుగుల్లో అమ్ముతరు. ఆ లెక్క కష్టమేం కాదు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి, మూడూ గుణించి 144తో భాగించు. ఏడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పలక 0.58 సీఎఫ్టీ. అయితే కోసిన కట్టెకు రందా (నునుపు చేసే చిత్రిక) పడితే రెండంగుళాలది ఒకటిముప్పావుకు దిగుతది. అందుకే ప్రతి ముక్కకూ పావు అంగుళం ఎక్కువ మందం అడుగు. చిన్న స్టూలుకు చివరికి పట్టే కట్టె 0.36 సీఎఫ్టీ అయితే, తరుగు, కొసలు, ముడులు పోను 0.6 కొనాలె. దుంగల జోలికి ఇప్పుడే పోకు. లోపల బోలు ఉన్నదా, పుచ్చు ఉన్నదా బయటికి తెల్వదు.

అన్నిటికన్నా ముఖ్యం కట్టె ఆరిందా లేదా. మన నల్లగొండ ఎండలు తెలిసినయే కదా. వానకాలంలో కొన్న పచ్చి కట్టెతో చేసిన తలుపు ఏప్రిల్ కల్లా గుంజుకపోయి, అతుకుల కాడ నెర్రె విడుస్తది. అంగుళం మందం పలక నీడలో ఆరాలంటే సుమారు ఏడాది పడ్తదని పాత లెక్క. డిపోలో "ఆరిందే" అంటరు, మాట మీద పోవద్దు, తూకం వేయించు. బాగా ఆరిన టేకు సీఎఫ్టీకి దాదాపు 18 నుంచి 20 కిలోలు ఉంటది. పైన చెప్పిన పలక పదకొండు కిలోల దగ్గర తూగాలె. పద్నాలుగు పదిహేను తూగితే ఇంకా నీళ్లున్నయని అర్థం. తేమ మీటరు దొరికితే పలక నడుమ పెట్టి చూడు, కొసలు తొందరగా ఆరి మోసం చేస్తయి. 12 శాతం దరిదాపుల్లో ఉంటే తీసుకో.

తర్వాత పలక కొసను చూడు. చెట్టు పెరిగిన వలయాల గీతలు నిలువుగా నిలబడితే ఆ పలక తిన్నగ ఉంటది. గీతలు విల్లులా వంగి ఉంటే ఆరుతున్న కొద్దీ బెరడు వైపు ముఖం పల్లం పడ్తది. వెడల్పాటి బల్లకు అట్లాంటిది వద్దు, సన్నపు కాళ్లకు పనికొస్తది. చెట్టు నడిమి బెండు పలకలో ఉంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోకు, అది పగిలి తీర్తది. కొసలకు రంగు పూసి ఉంటే ఒక అంగుళం కోయించి చూడు, పగుళ్లు ఎంత లోతుకు పోయినయో తెలుస్తది. పలకను కంటికి ఆనించి ఒక కొస నుంచి రెండో కొసకు చూస్తే మెలి ఉన్నదీ లేనిదీ బయటపడ్తది. తెల్ల భాగం ఎక్కువుంటే పురుగు పట్టేది అక్కడే. చేవకే, అంటే లోపలి ముదురు రంగు గట్టి భాగానికే డబ్బు పెట్టు.

టేకు అనగానే నమ్మకు, చాకుతో మూల గీకి చూడు. బంగారు గోధుమ రంగు, తోలు లాంటి వాసన, వేలికి కొంచెం జిడ్డు ఉండాలె. అతికించేముందు ఆ జిడ్డును థిన్నరుతో తుడువు, లేకుంటే ఫెవికాల్ పట్టదు. నేర్చుకునేటప్పుడు వేప మంచిదే, కానీ మెలి తిరుగుతది, బాగా ఆరిందే కొను. నల్లతుమ్మ, నల్లమద్ది గట్టివి, రంపాన్ని, చేతినీ అలయగొడ్తయి, రెండో పనికి పెట్టుకో. ఇల్లు కూలగొట్టిన దగ్గర దొరికే పాత టేకు దూలం అన్నిటికన్నా మేలు, ఏండ్లకొద్దీ ఆరి ఉంటది. మొలలు ఉంటయి కాబట్టి ముందు అయస్కాంతం తిప్పు.

ధర తక్కువ అని అమ్రాబాద్ అడవి వైపు నుంచి రాత్రి వచ్చే కట్టె ముట్టుకోవద్దు. బిల్లు తీసుకో. ఎవరి పొలంలోని టేకైనా కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలె, తరలించడానికి అటవీ శాఖ పర్మిట్ కావాలె.

ఇంటికి తెచ్చినంక నేల మీద పడేయకు. అడుగున్నర ఎడంగా సన్నని బద్దలు పరిచి, వాటి మీద పేర్చి, ఎండ తగలని గదిలో గాలికి ఉంచు. ఒక తుంపు ముక్కను వారానికోసారి తూచి రాసుకో. రెండు వారాలు బరువు మారకపోతే అప్పుడు రందా తియ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన