డబ్బాలో ముప్పావు వంతు నీళ్ళే, అయినా కొను తమ్ముడూ

తమ్ముడూ, డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు, రూమ్మేట్ వదిలేసి వెళ్ళిన మగపిల్లిని నువ్వు సాకుతున్నావంటే మంచి మనసే. డ్రై ఫుడ్ పెట్టాలా, డబ్బాల్లో వచ్చే వెట్ ఫుడ్ పెట్టాలా అని అడిగావు. ఆఫర్‌లో ఉందని డ్రై ఫుడ్ రెండు పెద్ద బస్తాలు కొనేశానని, ఒకటి ఇంకా తెరవలేదని కూడా రాశావు. ఆ మాట చదవగానే నాకు 2011 డిసెంబరు గుర్తొచ్చింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రేబీస్ టీకా, లీజులో పెంపుడు జంతువుల షరతు, పిల్లి ఉన్నందుకు నెలనెలా కట్టే పెట్ రెంట్, ఇవన్నీ సిటీ వెబ్‌సైట్‌లోనూ నీ లీజు కాగితాల్లోనూ ఉంటాయి. అవి నువ్వే చూసుకోగలవు.

మేం 2007లో డాలస్ వచ్చాం. రెండేళ్ళకి జంతువుల షెల్టర్ నుంచి చంటి అనే మగపిల్లిని తెచ్చుకున్నాం. మొదటి నెల వాడికి పెరుగన్నం పెట్టాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో పిల్లికి మా అమ్మ అదే పెట్టేది, పిల్లి నున్నగా ఉండేది. ఆ పిల్లి పెరుగన్నంతో బతకడం లేదని, ధాన్యం కొట్టులో ఎలుకల మీద బతుకుతోందని నాకు తట్టలేదు. పిల్లి మాంసం మీద బతికే జీవి. టారిన్ అనే పదార్థం తిండిలో అందకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి. గుండె సంగతి 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు తేల్చారు. పెరుగన్నంలో అది పిల్లికి సరిపడా ఉండదు. మీ ఇంట్లో శాకాహారమే అయినా పిల్లికి మాత్రం ఆ నియమం పెట్టకు.

తర్వాత దుకాణానికి వెళ్ళి నేను చేసిన లెక్క వేరే తప్పు. డబ్బా మీద చూస్తే ప్రొటీన్ 10 శాతం, తేమ 78 శాతం. డ్రై ఫుడ్ బస్తా మీద ప్రొటీన్ 32 శాతం, తేమ 10 శాతం. ముప్పావు వంతుకు పైగా నీళ్ళున్న డబ్బాకి డాలర్లు పోయడం ఎందుకు, కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి కదా అనుకున్నాను. అప్పుడు ఒక్క జీతం మీద ఇల్లు నడుస్తోంది, ఇండియాలో మా తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు మేమే కడుతున్నాం. ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులు. రెండేళ్ళ పాటు చంటికి డ్రై ఫుడ్ తప్ప ఇంకేం పెట్టలేదు. ఆ ప్రొటీన్ లెక్క కూడా తప్పే. నీళ్ళు తీసేసి చూస్తే డబ్బాలో 22 వంతుల సరుకులో 10 వంతుల ప్రొటీన్, అంటే దాదాపు 45 శాతం. బస్తాలో 90 వంతుల్లో 32, అంటే 35 శాతం చిల్లర. లేబుల్ చదివేటప్పుడు ఈ తీసివేత చెయ్యి.

ఆ డిసెంబరులో ఒక రాత్రి చంటి లిటర్ బాక్స్‌లోకి, అంటే మలమూత్రాలకి పెట్టే ఇసుక పెట్టెలోకి ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. కూర్చుని ముక్కుతున్నాడు, అరుస్తున్నాడు. మలబద్ధకం అనుకుని కాస్త పెరుగు పెట్టి పడుకున్నాను. నొప్పి తగ్గుతుందని టైలినాల్ (పారాసిటమాల్) ముక్క ఇద్దామా అని మా ఆయన అన్నారు. ఇవ్వలేదు, మా అదృష్టం. ఆ మాత్ర చిన్న ముక్కయినా పిల్లి ప్రాణం తీస్తుందని తర్వాత తెలిసింది. తెల్లారేసరికి వాంతులు, ఒళ్ళు చల్లబడి మూలన పడి ఉన్నాడు. ఎమర్జెన్సీకి పరుగెత్తాం. మూత్రం దారి పూర్తిగా మూసుకుపోయిందన్నారు. మగపిల్లికి ఆ దారి చాలా సన్నం. మూత్రం కట్టుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే. గొట్టం వేసి మూడు రోజులు ఉంచుకున్నారు.

బిల్లు 2,800 డాలర్లు. అప్పట్లో డాలరు 50 రూపాయల పైమాట, అంటే లక్షా నలభై వేలకు తక్కువ కాదు. ఆ నెల ఫీజు డబ్బు పంపలేకపోయాం. మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పిన రోజు నాకింకా గుర్తే. క్రెడిట్ కార్డు మీద వేసి, ఎనిమిది నెలలు తీర్చాం. ఇన్సూరెన్స్ ఆ తర్వాత అడిగితే, ముందే వచ్చిన జబ్బుకి వర్తించదన్నారు.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న ఏం పెడుతున్నారని. ఆవిడ చెప్పింది ఇప్పటికీ నా మనసులో ఉంది. ఇంటి పిల్లి పూర్వీకులు ఎడారి నేలల అడవి పిల్లులు. వాటికి దాహం తక్కువ, నీళ్ళు చాలావరకు వేట నుంచే వస్తాయి. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీళ్ళే. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలో నీళ్ళు తాగుతుంది కానీ ఆ లోటంతా పూడ్చుకోదు, మూత్రం చిక్కబడుతుంది. జబ్బుకి డ్రై ఫుడ్ ఒక్కటే కారణం కాదని కూడా చెప్పింది. ఒళ్ళు పెరగడం, ఇంట్లోనే పడి ఉండటం, ఇల్లు మారిన టెన్షన్, ఇవీ ఉంటాయి. నీ పిల్లికి ఇప్పుడు యజమాని మారాడు కదా, అందుకే నాకు భయం. నేను అనవసరం అనుకున్న ఆ 78 శాతం నీళ్ళే నేను కొనాల్సిన సరుకని ఆ రోజు అర్థమైంది.

ఇంటికొచ్చాక ఇంకో తప్పు చేశాను. ఒక్క రోజులో డ్రై ఫుడ్ అంతా తీసేసి డబ్బా పెట్టాను. చంటి ముట్టలేదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని మన పిల్లల దగ్గర అంటాం, పిల్లి దగ్గర ఆ పట్టుదల పనికిరాదు. రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌కి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది, బొద్దుగా ఉన్నవాటికి మరీ. మళ్ళీ డ్రై ఫుడ్ పెట్టి, పక్కన ఒక చెంచా డబ్బా తిండి, రోజుకి కాస్త పెంచుకుంటూ వెళ్ళాను. అందరూ వారం, పది రోజులంటారు. మావాడికి మూడు వారాలు పట్టింది. చెంచాడు వేడినీళ్ళు కలిపితే వాసన లేచి తొందరగా దగ్గరికొస్తాడు, ఇంకొన్ని నీళ్ళు కూడా లోపలికెళ్తాయి.

ఇక డబ్బు సంగతి, నువ్వు అసలు అడిగింది అదేనని నాకు తెలుసు. పది పౌన్ల పిల్లికి రోజుకి సుమారు 200 నుంచి 250 కేలరీలు చాలు. నేను కొనే ధరల్లో డ్రై ఫుడ్ ఒక్కటే అయితే నెలకి 15 డాలర్లు. పూర్తిగా డబ్బాలైతే మూడౌన్సులవి రోజుకి దాదాపు మూడు, నెలకి 90 డాలర్లు. కొత్తగా వచ్చినవాడికి అది బరువే, తెలుసు. పొద్దున ఒక డబ్బా, రాత్రికి 40 గ్రాముల డ్రై ఫుడ్ తూచి పెడితే నెలకి 40 డాలర్లలో అయిపోతుంది. తేడా నెలకి 25, ఏడాదికి 300. నా బిల్లుతో పోల్చి చూడు. చంటిని ఆ తర్వాత పధ్నాలుగేళ్ళు ఈ పద్ధతిలోనే సాకాను, రెండోసారి ఆ జబ్బు రాలేదు.

డ్రై ఫుడ్‌ని పూర్తిగా తప్పుపట్టను. ఆఫీసుకెళ్తూ గిన్నెలో వదిలేసి వెళ్ళొచ్చు. డబ్బా తిండి అలా కాదు, రెండు గంటలు దాటితే తీసెయ్యాలి, మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో. డ్రై ఫుడ్ నమిలితే పళ్ళు శుభ్రపడతాయని కొందరంటారు, మామూలు డ్రై ఫుడ్‌తో అలా ఏం జరగదు. ఏది కొన్నా వెనకాల ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఆఫ్కో (AAFCO, అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే సంఘం) వాక్యం ఉందో లేదో చూడు. కూరలో ముక్క మాత్రం పెట్టకు, ఉల్లి, వెల్లుల్లి రెండూ పిల్లి రక్తానికి విషం.

వాడు లిటర్ బాక్స్‌లోకి మాటిమాటికీ వెళ్ళి చుక్క కూడా పొయ్యకపోతే అర్ధరాత్రైనా సరే తీసుకెళ్ళు. తెల్లారనిద్దాం అనుకోకు. ఎమర్జెన్సీ ఎక్కడుందో, ఎంతవుతుందో ఇవాళే ఫోన్ చేసి కనుక్కో, నెలకి ఒక యాభై డాలర్లు దానికోసం విడిగా పక్కన పెట్టు. ఆ తెరవని బస్తా బిల్లు దాచే ఉంటావు. ఈ వీకెండే తిరిగి ఇచ్చెయ్యి, ఆ డబ్బుతో డబ్బాలు కొను. ముందు రెండు మూడు రకాలు ఒక్కొక్కటే తెచ్చి చూడు, వాడికి నచ్చకముందే డబ్బాల పెట్టె మొత్తం కొనకు.