బెడ్ మీద పొడి రాలుతుంటే టైల్స్ అంటించొద్దు

టైల్స్ కింద మొన్న వేసిన సిమెంటు, ఇసుక మాలు పొరను, అంటే బెడ్‌ను చేత్తో రాస్తే పొడి రాలుతోందని, సన్న బీటలు కూడా ఉన్నాయని రాశారు. ఈ వారమే టైల్స్ అంటించవచ్చా అన్నారు. వద్దండీ, ఆగండి.

మాలు ఆరడం వేరు, గట్టిపడటం వేరు. సిమెంటు నీటితో కలిసే బిగుసుకుంటుంది. ఆ నీరు ఎండకో, ఫ్యాను గాలికో ముందే ఎగిరిపోతే పైపొర పిండిలా మిగిలిపోతుంది.

ముందు మేకుతో గీసి చూడండి. సన్నని గీతే పడితే బతికిపోయినట్టే. గాడిపడి ఇసుక ఊడొస్తే ఎన్ని నీళ్లు కొట్టినా లాభం లేదు, అంతమేర తవ్వి మళ్లీ వేయించాల్సిందే. సుత్తి పిడితో తడితే డొల్లగా మోగిన చోటా అంతే.

బాగున్న భాగం మీద నీళ్లు చిలకరించి పాలిథిన్ షీట్ పరవండి. షీట్లు ఒకదానిపై ఒకటి జానెడు ఎక్కాలి, అంచులకు ఇటుకలు పెట్టాలి. కింద గాలి దూరితే ఇక కప్పీ ఉపయోగం లేదు. 7 రోజులు కదపొద్దు. గోనెసంచులూ పనికొస్తాయి గానీ పూటపూటా తడిపే ఓపిక ఉండాలి! నడవక తప్పకపోతే ప్లైవుడ్ ముక్కలు వేసుకోండి. టైల్ పెట్టెలు మాత్రం అక్కడ పేర్చనివ్వకండి.

షీట్ తీశాక నిదానంగా ఆరనివ్వండి. ఆరేకొద్దీ బెడ్ కాస్త కుంచించుకుంటుంది కాబట్టి 28 రోజులు ఆగగలిగితే మంచిది, లేదా టైల్ గమ్ము సంచి మీద రాసిన గడువైనా పాటించండి. పచ్చి బెడ్ మీదే సిమెంటు పాలు పోసి టైల్ పెట్టే పాత పద్ధతికి ఈ లెక్క వర్తించదు.