కారు లాక్ చేస్తే వచ్చే ‘కుయ్’ శబ్దం తగ్గించుకోవడం ఎలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో టయోటా క్యామ్రీ కొన్నాను. ప్రొడక్షన్ సపోర్ట్ షిఫ్ట్ అయి ఇంటికొచ్చేసరికి రాత్రి 12 దాటుతుంది. లాక్ చేసినప్పుడల్లా కారు కుయ్ మంటోంది. ఎవరో కంప్లైంట్ చేశారని మా అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. ఈ శబ్దం ఆపొచ్చా? ఆపేస్తే లాక్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు ఈమెయిల్ సంగతి. టెన్షన్ పడకు తమ్ముడూ. ఇక్కడివాళ్లు తలుపు తట్టి ‘ఏమయ్యా, మాకు నిద్ర పట్టట్లేదు’ అని సాధారణంగా అడగరు, నేరుగా ఆఫీసుకే రాస్తారు. నీ మీద పగేమీ లేదు, పద్ధతే అంత. లీజు కాగితాల్లో క్వైట్ అవర్స్ అని, అంటే శబ్దం చేయకూడని వేళలు, ఉంటుంది చూడు. చాలాచోట్ల రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా ఉంటాయి. ‘కారు సెట్టింగ్ మారుస్తున్నాను, ఇక శబ్దం ఉండదు’ అని ఈరోజే రెండు ముక్కలు రాసి పడెయ్.

హైదరాబాద్‌లో హారన్ అంటే ‘వస్తున్నా, చూసుకో’ అని చెప్పడమే, ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అది తిట్టు కింద లెక్క. సురక్షితంగా నడపడానికి అవసరమైతేనే హారన్ కొట్టాలని టెక్సాస్ చట్టంలోనే ఉంది. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 27001 కూడా ఆ మాటే చెప్పి, దొంగతనం అలారానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. లాక్ చేసినందుకు పోలీసు టికెట్ రాస్తాడని కాదు. పక్కింటివాళ్ల చెవికి అది ఎలా వినిపిస్తుందో నీకు తెలియాలి కదా.

అసలు నీ కారు కొడుతున్నది హారనా, బీపా? ముందు అది చూడు. హోండా, హ్యుందాయ్, కియాల్లో చాలా మోడళ్లలో రిమోట్ మీద లాక్ ఒకసారి నొక్కితే లైట్లు మాత్రం వెలిగి ఆరిపోతాయి. కొన్ని సెకన్లలో రెండోసారి నొక్కితేనే శబ్దం వస్తుంది. మనవాళ్లు ఒక్కసారి నొక్కితే నమ్మకం కుదరక టక్ టక్‌మని రెండుసార్లు నొక్కుతారు. ఆ కార్లున్నవాళ్లు ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు, వేలిని కాస్త అదుపులో పెట్టుకుంటే చాలు.

నీ క్యామ్రీ సంగతి వేరు. టయోటా స్మార్ట్ కీ కార్లలో, అంటే తాళం జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునేవాటిలో, హారన్‌తో పనిలేకుండా విడిగా ఒక బజర్ ఉంటుంది. లాక్ అయితే ఒకసారి, అన్‌లాక్ అయితే రెండుసార్లు మోగుతుంది. దాని వాల్యూమ్‌కి 0 నుంచి 7 దాకా లెవల్స్ ఉంటాయి, కంపెనీ సాధారణంగా 5లో పెట్టి పంపుతుంది. కారు పార్క్‌లో పెట్టి, స్క్రీన్‌లో వెహికల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డోర్ లాక్ దగ్గర వెతుకు. మెనూ లేని పాత మోడల్ అయితే, కొన్నింటిలో తలుపులన్నీ మూసి రిమోట్ మీది లాక్, అన్‌లాక్ బటన్లు రెండూ కలిపి 5 సెకన్లు పట్టుకుంటే మారుతుంది.

నన్నడిగితే సున్నాకి దించొద్దు, 1లోనో 2లోనో ఉంచు. పక్కన నిలబడ్డ నీకు వినిపిస్తుంది, మేడ మీద వాళ్లకి వినిపించదు. పైగా ఆ కూతలన్నీ ఒకటి కావు. తలుపు సరిగ్గా పడకుండా లాక్ చేయబోతే టయోటా ఆగకుండా కీచుమంటుంది. అది చెవిన పడకపోతే తలుపు ఓరగా వదిలేసి వెళ్లి పడుకుంటావు.

మీ రూమ్మేట్లవి వేరే కార్లయితే వాళ్ల కోసం కూడా చెబుతున్నాను. నిస్సాన్‌లో లాక్, అన్‌లాక్ కలిపి కనీసం 2 సెకన్లు పట్టుకుంటే హజార్డ్ లైట్లు మూడుసార్లు వెలుగుతాయి, అంటే హారన్ ఆగిపోయినట్టు. మళ్లీ అలాగే చేస్తే లైట్లు ఒకసారి వెలిగి హారన్ ఒకసారి మోగుతుంది, తిరిగి మొదలైనట్టు. షెవ్రొలెలో రిమోట్ లాక్ ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది, ‘లైట్స్ ఓన్లీ’ ఎంచుకుంటే సరి. టెస్లాలో కంట్రోల్స్, లాక్స్‌లోకి వెళ్లి లాక్ కన్ఫర్మేషన్ సౌండ్ ఆపెయ్యడమే. బయట స్పీకర్ ఉన్న టెస్లాలకి పెన్‌డ్రైవ్‌తో సొంత శబ్దం పెట్టుకునే సరదా కూడా ఉంది. ఫ్రెండ్స్ ముందు బాగానే ఉంటుంది గానీ, అర్ధరాత్రి పార్కింగ్‌లో హీరో డైలాగ్ వినిపిస్తే ఈసారి ఈమెయిల్‌తో పోదు.

హోండాలో కొన్ని మోడళ్లకి ఒక్కో తాళానికి ఒక్కో సెట్టింగ్ గుర్తుంటుంది. నీ తాళంతో మార్చి ‘అయిపోయింది’ అనుకుంటావు, భార్య తాళంతో మళ్లీ అదే మోత. రెండో తాళంతోనూ ఒకసారి మార్చాలి.

సెకండ్ హ్యాండ్ కారు అన్నావు కాబట్టి ఇంకో అనుమానం. మెనూలో అన్నీ తగ్గించినా అదే గట్టిగా మోగుతుంటే, పాత ఓనరో డీలరో బయటి అలారం బిగించి ఉంటారు. స్టీరింగ్ కింద చిన్న బటనో, మిణుకుమిణుకుమనే లైటో కనిపిస్తుందేమో చూడు. దాని శబ్దం కారు మెనూకి లొంగదు, ఆ అలారం రిమోట్‌తోనో, కార్ ఆడియో షాపులోనో మార్పించుకోవాలి. వైర్లు మాత్రం పీకకు.

ఇక లాక్ అయిందో లేదో ఎలా తెలుస్తుందన్నావు. నీ క్యామ్రీలో హజార్డ్ లైట్లు ఒకసారి వెలిగితే అయినట్టే. అద్దాలు వాటంతటవే మడుచుకునే కారైతే దూరం నుంచే తెలుస్తుంది. ఫోన్ యాప్ ఉంటే పడుకున్నాక కూడా చూసుకోవచ్చు. హ్యాండిల్ లాగి చూసే అలవాటుతోనే చిక్కు. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు ప్రతిసారీ లాక్ చేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి హ్యాండిల్ లాగేవారు. తాళం ఆయన జేబులోనే ఉండేది. చెయ్యి తగలగానే అన్‌లాక్, రెండు కూతలు. ‘చూశావా, పడలేదు’ అని మళ్లీ లాక్, ఇంకో కూత. ఇలా పార్కింగ్ లాట్‌లో కచేరీ. స్మార్ట్ కీ కార్లలో హ్యాండిల్ లోపలి వైపు సెన్సర్ ఉంటుంది, తాళం దగ్గరుంటే అది తెరవడానికే ఉంది. లాగి చూసుకోవడానికి వీలుగా చాలా కార్లు లాక్ అయ్యాక రెండు మూడు సెకన్లు తెరుచుకోవు. చూడాలనుకుంటే ఆ లోపే చూడాలి.

రిమోట్ మీద ఎర్ర బటన్ ఒకటుంటుంది, పానిక్. జేబులో ఫోన్‌తో పాటు తాళం పెట్టుకుని సోఫాలో కూలబడితే అది నొక్కుకుపోయి ఊరంతా లేస్తుంది. కంగారుపడి కిందికి పరిగెత్తకు, చాలా కార్లలో రిమోట్ మీది ఏ బటన్ నొక్కినా ఆగుతుంది. దూరమై సిగ్నల్ అందకపోతే కిటికీ దగ్గరికెళ్లి నొక్కు.

మీ మోడల్ మాన్యువల్ టయోటా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చివర్లో కస్టమైజబుల్ ఫీచర్స్ అనే పట్టిక ఉంటుంది. ఏది నువ్వే మార్చుకోవచ్చో, ఏది డీలర్ దగ్గరే మారుతుందో విడివిడిగా రాసి ఉంటారు. డీలర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే, డబ్బు తీసుకుంటారో లేదో ఫోన్‌లోనే అడుగు. ఎలాగూ ఆయిల్ మార్పించడానికి వెళ్తావు కదా, అప్పుడే ఇదీ చెప్పు. తీరిక ఉన్న టెక్నీషియన్ ఊరికే చేసి పెట్టినా పెడతాడు.