భూసార పరీక్ష ఉండగా నేల వర్గీకరణ దేనికి?

భూసార పరీక్ష రిపోర్టు చేతిలో ఉన్నాక నేల ఏ రకమో తెలుసుకోవడం దేనికని అడిగారు. పని ఉందండీ. నేల సర్వేల్లో గుంతల్లోకి దిగి మట్టి చూసిన అనుభవంతో చెప్తున్నాను.

ఆ పరీక్షకు తీసుకెళ్లేది మామూలుగా పై ఆరంగుళాల మట్టి. భాస్వరం, పొటాష్, పీహెచ్ ఇప్పుడెలా ఉన్నాయో తెలుస్తుంది. ఎరువు వేస్తే ఆ అంకెలు మారతాయి. వర్గీకరణలో ముఖ్యంగా చూసేవి అంత తేలిగ్గా మారనివి: నేల లోతు, కింది పొరల్లో బంకమట్టి, సున్నం, నీరు నిలిచే తీరు.

ఒకచోట పక్కపక్కనే ఉన్న రెండు పొలాలు చూశాను. పైన రెండూ ఒకే ఎరుపు, టెస్టు అంకెలూ దాదాపు ఒకటే. గుంత తీస్తే ఒకదాంట్లో ఐదడుగుల దాకా మెత్తటి మట్టి, రెండోదాంట్లో అడుగున్నరకే గట్టి మొరం. అప్పటికే రెండింట్లోనూ పండ్ల తోట వేసి ఉన్నారు. మొక్కలు చిన్నగా ఉన్నన్నాళ్లు తేడా కనిపించలేదట. వేర్లు మొరానికి తగిలాక రెండో తోట ఎండలకు తట్టుకోలేకపోయింది. ఎరువు పెంచినా, నీళ్లు ఎక్కువ పెట్టినా లాభం లేదు. వేర్లు పైపైనే ఉండే పైరుకో, గడ్డికో అయితే ఆ నేల బాగానే పనికొచ్చేది.

రంగు కూడా చాలా చెబుతుంది. కింది పొర బూడిదరంగులో ఉండి మధ్యమధ్య తుప్పు మచ్చలు కనిపిస్తే, అక్కడ ఏడాదిలో కొంతకాలం నీరు నిలుస్తుందని అర్థం. గాలి అందక ఇనుము రూపం మారడం వల్ల అలా అవుతుంది. మండు వేసవిలో వెళ్లి చూసినా ఆ మచ్చలు పోవు. ఇల్లు కట్టేవాళ్లూ ఇది చూసుకుంటే మంచిది.

పేర్లంటారా, అమెరికా పద్ధతిలో 12 ఆర్డర్లు, అంతర్జాతీయ పద్ధతిలో 32 వర్గాలు ఉన్నాయి. బట్టీ పట్టక్కర్లేదు. నల్లరేగడిని రెండింట్లోనూ వెర్టిసాల్ అంటారు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నేల. నా లెక్కలో రైతుకు ఎక్కువ ఉపయోగపడేది భూమి సామర్థ్య వర్గీకరణ. అందులో 8 తరగతులుంటాయి. మొదటి నాలుగు సాగుకు, మిగతావి మామూలుగా పచ్చికకు, అడవికి, వన్యప్రాణులకు. ఎనిమిదో తరగతిని బంజరు అని చదును చేయడానికి దిగుతారు చూడండి, అది నాకు అస్సలు నచ్చదు. వాలు మీద పచ్చదనం తీసేస్తే మొదటి పెద్ద వానకే పైమట్టి దిగువకు వెళ్లిపోతుంది.

సర్వే మ్యాపు దొరికితే దాని స్కేలు చూసుకోండి. 1:50,000 మ్యాపులో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు. చిన్న పొలంలోని తేడాలు అందులో కనిపించవు. కాబట్టి మెరకలో ఒకటి, పల్లంలో ఒకటి గుంత తీయించండి, నాలుగైదు అడుగుల లోతున. ఒక్కో పొర నుంచి పిడికెడు మట్టి తడిపి, బొటనవేలితో నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయండి. రెండంగుళాలు దాటినా తెగకపోతే బంకమట్టి ఎక్కువన్నమాట. కాస్త వెనిగర్ పోస్తే బుసబుస పొంగిందా, సున్నం ఉంది. ఎంత లోతులో పొంగిందో రాసిపెట్టుకోండి, చెట్లు ఎంచుకునేటప్పుడు కావాలి.