పక్షుల గూడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డాబా మీద కర్ర ఫ్రేముకు జాలీ కొట్టి బడ్జీలు (చిన్న రకం పెంపుడు చిలుకలు) పెంచుతున్నాం. వానలు మొదలైనప్పటి నుంచి పిల్లలు కుండల్లోనే పాలిపోయి చనిపోతున్నాయి. తల్లి రాత్రిళ్లు కుండలో ఉండటం లేదు. పేల పొడి రెండుసార్లు చల్లాం, ఫలితం లేదు. పగలు చూస్తే ఒంటి మీద ఒక్క పురుగూ కనిపించదు. మిరప తోటకు కొట్టగా మిగిలిన మందు ఉంది, గూటికి కొట్టొచ్చా? (హనుమకొండ)

జవాబు: ముందు ఆ మందు సంగతి. దాన్ని గూటి దరిదాపులకు తేవద్దు. పైరు మీద వాడే ఆర్గానోఫాస్ఫేట్ మందులు పక్షులను ఇట్టే చంపేస్తాయి. 1995-96లో అర్జెంటీనా పొలాల్లో మిడతలకు మోనోక్రోటోఫాస్ అనే అలాంటి మందే కొడితే, ఆ మిడతలను తిన్న గద్దలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. బడ్జీ బరువు 35 గ్రాములే.

మీరు రాసిన లక్షణాలన్నీ ఎర్ర మైట్లు అనే చిన్న పురుగులవి. ఇవి మిరపాకు మీద కనిపించే ఎర్రనల్లి కాదు, రక్తం తాగే రకం. పగలు పిట్ట మీద ఉండవు. కర్ర పగుళ్లలో, జాలీ మేకులు దిగిన చోట, కుండ అడుగున దాక్కుని చీకటి పడ్డాక బయటికొస్తాయి. పొడి పిట్టల మీద చల్లారు కాబట్టి వాటికి తగల్లేదు. లైటు తీసేసిన రెండు గంటల తర్వాత టార్చితో పిట్టలు వాలే కర్రల చివర్లు చూడండి. మిల్లీమీటరుకు మించని చుక్కలు కదులుతుంటాయి. రక్తం తాగినవి ఎర్రగా, తాగనివి బూడిద రంగులో ఉంటాయి.

కనిపిస్తే పిట్టలను, గుడ్లను, తిండి గిన్నెలను వేరే ఇనుప పంజరంలోకి మార్చండి. కుండల్లోని రంపపు పొట్టు, పాత వాలుకర్రలు కాల్చేయండి. కర్రల మీద మమకారం వద్దు, జామ కొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. కుండలను మరిగే నీళ్లలో ముంచండి. ఫ్రేము పగుళ్లలో మరుగుతున్న నీళ్లు పోసి ఆరాక, పెర్మెత్రిన్ అనే పురుగుల మందును డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి బ్రష్షుతో అతుకుల్లోకి ఎక్కించండి. పూర్తిగా ఆరి, వాసన పోయాకే పిట్టలను తిరిగి వదలాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు తప్పు అదే. మందు గుడ్లను చంపదు. మన వేడికి గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే వారానికి రెండోసారి, మరో వారానికి మూడోసారి ఇదే పని చేయాలి. ఆ తర్వాత పగుళ్లను పుట్టీతో మూసేయండి. గూడు కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తే చస్తాయనుకోవద్దు, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. పిల్లలకు పది రోజులప్పుడు ఒకసారి, ఇరవై రోజులప్పుడు ఒకసారి కుండలో పొట్టు మార్చండి. అట్టపెట్టెల గరుకు అట్టను చుట్టచుట్టి వాలుకర్రల చివర కట్టి, వారానికోసారి తీసి వేడినీళ్లలో వేస్తే మిగిలినవి అందులో పట్టుబడతాయి. కుండలో కలరా ఉండలు మాత్రం వేయొద్దు, ఆ ఆవిరికి పిల్లలే ముందు పోతాయి. వేపాకు వేస్తే నష్టం లేదు, కానీ దాన్నే నమ్ముకోలేం.

ప్రశ్న: బడ్జీ ముక్కు మీద, కళ్ల చుట్టూ సన్న రంధ్రాలున్న తెల్లటి పొక్కు కట్టింది. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను మందు ఒక్క చుక్క మెడ మీద వేస్తే చాలన్నారు. నిజమేనా? (కరీంనగర్)

జవాబు: అది చర్మంలోకి తొలుచుకుపోయే నెమిడోకాప్టిస్ అనే మైటు పని. మందు పేరు సరైనదే, చుక్క లెక్కే ప్రాణం తీస్తుంది. మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, అంటే 35 గ్రాముల పిట్టకు 7 మైక్రోగ్రాములు. 1 శాతం ఇంజెక్షను మందు ఒక చుక్కలో సుమారు 500 మైక్రోగ్రాములు ఉంటుంది. అంటే 70 రెట్లు! నీళ్లు కలిపి పలుచన చేద్దామన్నా కుదరదు, ఆ మందు నీళ్లలో సమంగా కలవదు. పశువైద్యుల చేత ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో పలుచన చేయించి, మెడ వెనక ఈకలు విడదీసి చర్మం మీద వేయించండి. 10 నుంచి 14 రోజులకు మళ్లీ వేయించాలి, కొన్నిటికి మూడోసారీ అవసరమవుతుంది. పొక్కును గోకి తీయొద్దు. లిక్విడ్ పారఫిన్‌ను దూదిపుల్లతో పలుచగా రాయండి. ముక్కు రంధ్రాల్లోకి పోకూడదు, ఈకలకు అంటకూడదు. ఆలస్యమైతే ముక్కు వంకరపోతుంది, అది మళ్లీ సరికాదు.

ప్రశ్న: మట్టి నేల ఉన్న గూట్లో కాకటీల్ చిలుకలు, పావురాలు కలిపి పెంచుతున్నాం. గొర్రెలకు పోసే నట్టల మందు నెలకోసారి నీళ్లలో కలపొచ్చా? (జగిత్యాల)

జవాబు: వద్దు. గొర్రెలకు వాడే ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ పావురాల ఎముక మజ్జను, పేగులను దెబ్బతీస్తాయి. ఈకలు మార్చే సమయంలో ఇస్తే కొత్త ఈకలు వంకరగా వస్తాయి. లెవామిసోల్ అనే మరో నట్టల మందును నీళ్లలో కలిపితే చేదుకు తాగవు, ఎండాకాలంలో నీళ్లు మానేస్తే నట్టల కన్నా ముందు దాహంతోనే పోతాయి. అసలు నట్టలు ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి. రాత్రి కింద ప్లాస్టిక్ కాగితం పరిచి, పొద్దున నాలుగైదు చోట్ల నుంచి తాజా రెట్ట తీసి పశువైద్యశాలలో పరీక్ష చేయించండి. ఉంటే మందును ఒక్కో పిట్ట బరువు తూచి నోట్లో పట్టించాలి. 2, 3 వారాలకు మరోసారి పట్టించాలి.

మీ అసలు సమస్య ఆ నేల. రెట్టలో పడ్డ ఏలికపాము గుడ్డు తడి మట్టిలో 2, 3 వారాల్లో అంటుకునే స్థితికి వస్తుంది, తర్వాత నెలల పాటు అలాగే ఉంటుంది. ఫినాయిల్ దాన్నేమీ చేయదు, ఎండ, పొడితనం చంపుతాయి. కాబట్టి పైమట్టి మూడు అంగుళాలు తీసేసి సిమెంటు చేయించండి. ఖర్చు అనుకుంటే గింజల గిన్నెలను నేలకు ఎత్తున, వాలుకర్రల కింద కాకుండా పెట్టి, రెట్ట కనీసం వారానికోసారి ఎత్తేయండి. నిజానికి పావురాలను విడిగా ఉంచడమే మేలు.

ప్రశ్న: పావురాల ఈకల్లో అడ్డంగా పరుగెత్తే చదునైన ఈగలు. పట్టుకుంటే జారిపోతున్నాయి. (పెద్దపల్లి)

జవాబు: పావురపు ఈగ. రక్తం తాగడమే కాక హీమోప్రోటియస్ అనే రక్త పరాన్నజీవిని ఒకదాని నుంచి ఒకదానికి చేరుస్తుంది. దీని నల్లటి కోశాలు గూటి చెత్తలో పడి ఉంటాయి, అందులోంచి కొత్త ఈగ రావడానికి నాలుగు వారాల దాకా పడుతుంది. 15 నుంచి 20 రోజులకోసారి గూటి చెత్తంతా తీసి కాల్చేస్తే కొత్త ఈగలు పుట్టవు. పెద్ద పావురాలకు రెక్కల కింద పెర్మెత్రిన్ పొడి సరిపోతుంది, పిల్లల మీద చల్లొద్దు.

ప్రశ్న: రామచిలుక రెక్కల్లో పేలు. ఏ మందు వాడాలి? (మంచిర్యాల)

జవాబు: రామచిలుకను ఇంట్లో ఉంచుకోవడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీ శాఖకు అప్పగించండి, వైద్యం వాళ్లు చేయిస్తారు.