సముద్రం దగ్గర కాపురం పెడుతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ మీ మామయ్యా క్షేమం. ఫోన్‌లో చెబితే "సరే అత్తయ్యా" అంటావు, పిల్లాడు ఏడిస్తే పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. చదివి దాచుకో.

డీఎస్సీలో నీకు వచ్చిన పోస్టు కాట్రేనికోన మండలంలో సముద్రం వైపు ఊళ్ళో అని, జూన్‌లో బడి తెరిచేలోపు కాపురం అక్కడికే మార్చేస్తున్నావని మీ నాన్న నిన్న చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వీధరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. మన ఇంట్లో సర్కారు ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. అమలాపురంలో ఉండి రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు, చాలామంది అలాగే చేస్తున్నారు. నువ్వేమో "పిల్లలున్న ఊళ్ళోనే టీచరూ ఉండాలి" అన్నావట. ఆ మాటకి ఎంత పొంగిపోయానో, ఊరి పేరు వినగానే అంత గుండె జారింది. ఆ ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో నేను పన్నెండేళ్ళు కాపురం చేశానమ్మా.

ముందు ఇల్లు సంగతి. పెంకుటిల్లు చల్లగా ఉంటుందని అబ్బాయి అంటున్నాడట. నిజమే, చల్లగానే ఉంటుంది. అయినా డాబా ఇల్లే తీసుకోండి, అరుగు ఎత్తుగా ఉన్నది, పైకి మెట్లు ఉన్నది. ఇంటి మీదికి ఒరిగిన కొబ్బరి చెట్టు ఉంటే అద్దె ఎంత తక్కువైనా వద్దు. ఏటా అక్టోబరు రాకముందే ఒకసారి దింపు తీయించి, ఎండు మట్టలు కొట్టించమని ఇంటివాళ్ళని అడుగు. మొహమాటపడకు. పెద్ద గాలికి గెల ఊడిందంటే ఎక్కడ వచ్చి పడుతుందో ఎవరూ చెప్పలేరు.

సరుకుల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. బియ్యం, పప్పు, నూనె నెలకి సరిపడా ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు పొయ్యి వెలిగించకుండా తినేవి ఉంచు: అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగ పప్పు. తాగే నీళ్ళు రెండు పెద్ద డ్రమ్ములు, మూతలు బిగిసేవి. ఉప్పునీళ్ళు ముంచిన బావి వెంటనే పనికి రాదు, క్లోరిన్ బిళ్ళ వేసినా ఉప్పు పోదు.

అగ్గిపెట్టెలు మాత్రం స్టీలు డబ్బాలో వేసి పెట్టు. ఇప్పుడు అందరికీ గ్యాస్ లైటర్లు, టార్చి లైట్లు, పవర్ బ్యాంకులు ఉన్నాయి, అవీ ఉంచుకో. కానీ అగ్గిపెట్టె అంటే నాకు మీ నాన్నే గుర్తొస్తాడు. 96 తుఫాను తర్వాత మూడో రోజు మీ నాన్న అమలాపురం నుంచి నా కోసం బయల్దేరాడు. అప్పటికి వాడికి పెళ్ళి కాలేదు. రోడ్డు పొడుగునా కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. సైకిలు భుజాన వేసుకుని చెట్ల మీదుగా ఎక్కుతూ దిగుతూ, ఖాళీ ఉన్న చోట తొక్కుతూ, పొద్దున బయల్దేరినవాడు సాయంత్రానికి వచ్చాడు. కాళ్ళు గీరుకుపోయి రక్తం కారుతోంది. సంచిలో అటుకులు, ఉప్పు, పొడిబట్టలు, పాలిథీన్ కవర్లో చుట్టిన డజను అగ్గిపెట్టెలు. మూడు రోజులుగా మా వీధిలో ఎవరి ఇంటా పొయ్యి వెలగలేదు. ఆ అగ్గిపెట్టెలు ఇంటికొకటి పంచాం. వాడు ఇవన్నీ నీకు చెప్పి ఉండడు. అడుగు.

మీ అత్తగారికి ఇన్సులిన్ కదా. ఆవిడ మందు ఎప్పుడూ నెలకి తగ్గకుండా చూసుకో, ఫ్రిజ్ ఆగిపోతే ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించు. మట్టికుండలో నీళ్ళు పోసి, మందుసీసా తడవకుండా డబ్బాలో పెట్టి అందులో ఉంచితే కొన్నాళ్ళు కాపాడుకోవచ్చు. మీ డాక్టరుని కూడా ఒకసారి అడిగి రాసి పెట్టుకో. పిల్లాడికి జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు. నీళ్ళు తీశాక పాములు ఇళ్ళలోకి, మంచాల కిందికి వస్తాయి, చీకట్లో కాలు కింద పెట్టే ముందు లైటు వేసి చూడాలి. దీనికి మాత్రం నన్ను భయస్తురాలివని అనకు, అమ్మా.

డబ్బు. ఫోన్‌పే ఉంటే చాలనుకోవద్దు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు లేక, టవర్లు లేక, ఏటీఎంలు పని చేయక, బ్యాంకులో డబ్బున్నవాళ్ళు కూడా పాల ప్యాకెట్టు కోసం చేతిలో నోట్లు లేక తిరిగారు. అంత పెద్ద పట్నంలో. నాలుగైదు వేలు చిన్న నోట్లుగా, పది, ఇరవై, యాభై, బియ్యం డబ్బాలో వేసి మర్చిపో. సర్టిఫికెట్లు, నీ అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఆధార్లు, పిల్లాడి పుట్టిన సర్టిఫికెట్టు జిప్ కవర్లో పెట్టి ఒకే సంచిలో ఉంచు. ఫోటోలు తీసి డిజిలాకర్‌లోనో మీ నాన్న ఫోన్‌లోనో పెట్టు.

నువ్వు లంకల్లో పెరగకపోయినా గోదారి వరద చూసినదానివే. గోదారి చెప్పి వస్తుంది. భద్రాచలంలో నీళ్ళు పెరిగాయంటే మనకి చేరడానికి టైముంటుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది, వింటూనే సర్దుకుంటాం. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటి వచ్చినప్పుడు కూడా మా నాన్న, అంటే మీ తాతయ్య, గొడ్లని గట్టెక్కించి, ధాన్యం అటక మీదికి చేర్చి, భోంచేసి మరీ బయల్దేరారు. సముద్రం అలా కాదు. ముంచడం మొదలుపెట్టాక భోజనం చేసే టైము ఇవ్వదు.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు టీవీలో చెబుతారు కదా. ఒకటి, రెండు అంటే దూరంగా ఎక్కడో ఉందని. ఎనిమిది నుంచి మహా ప్రమాదం. పదో నంబరు అంటే తీవ్ర తుఫాను ఆ రేవు మీదుగానో దగ్గరగానో దాటబోతోందని. పదకొండోది కూడా ఉంది, వాతావరణ కేంద్రంతో రేవుకి సంబంధం తెగిపోయిందని దానర్థం. నువ్వు పది దాకా ఆగకు. మీ అత్తగారిని, పిల్లాడిని ముందురోజే అమలాపురం పంపించెయ్యి. గాలి మొదలయ్యాక అంబులెన్సు కూడా రాదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. దీని కోసమే కాగితం తీశాను.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. పిల్లల మతాబులు గూట్లో పెట్టి ఉంచాను. సార్వా చేలు కోతకొచ్చి ఉన్నాయి. తుఫాను అని రేడియోలో చెబుతూనే ఉన్నారు. అంతకుముందు ఎన్నిసార్లు చెప్పలేదు, ఎన్నిసార్లు పక్కకి పోలేదు అనుకున్నాం. మీ మామయ్య పని మీద కాకినాడ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో నేను, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. పాకలో చూడిగేదె.

ఆ గేదెని చిట్టీ పాడి కొన్నాం, ఏడు వేలు పెట్టి. పదిహేను రోజుల్లో ఈనుతుంది. అంతకుముందు ఏడాది ఒక వాన రాత్రి అది పలుపు తెంపుకుని ఎవరి చేలోనో పడితే బందెలదొడ్డికి తోలారు. జరిమానా కట్టి, పదిమందిలో మాటలు పడి తెచ్చుకున్నాను. ఆ అవమానం నాకు మానలేదు. అందుకని ఆ సాయంత్రం గాలి ముదురుతుంటే, పిల్లల్ని పక్కింటి పెద్దాయన డాబాకి తీసుకెళ్ళే ముందు పాకలోకి వెళ్ళాను. పాత పలుపు ఉండగానే కొత్త కొబ్బరితాడు తెచ్చి గుంజకి రెండో కట్టు కట్టాను. బలమంతా పెట్టి లాగి చూశాను. అది మెడ తిప్పి నా చెయ్యి నాకింది.

రాత్రి తొమ్మిది ప్రాంతాన పెద్దాయన గుమ్మం దాటి నీళ్ళు లోపలికి వచ్చాయి. ముందు వాననీరే అనుకున్నాం. మా అత్తగారు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని "ఉప్పే" అన్నారు. అందరం పైన మేడగదిలోకి ఎక్కేశాం, ఇరవై మంది దాకా. గాలి చప్పుడు ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. ఆ చప్పుడు తెరిపి ఇచ్చినప్పుడల్లా మా పాక వైపు నుంచి గేదె అరుపు వినబడేది. మా పాక పల్లంలో ఉంది.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకు కూడా కదలడం లేదు. పైన నక్షత్రాలు కనిపించాయి. అందరూ దణ్ణాలు పెట్టేశారు, అయిపోయిందని. నేను మెట్ల దగ్గరికి పరిగెత్తాను, దిగి వెళ్ళి ఆ తాళ్ళు విప్పేద్దామని. పెద్దాయన నా రెక్క పట్టుకుని లోపలికి లాగి గడియ పెట్టేశారు. నేను ఆయన్ని తిట్టాను. పెద్దాయన అని కూడా చూడకుండా తిట్టాను. "సగమే అయ్యిందమ్మా" అన్నారాయన. అరగంట కాలేదు. అంతవరకు ఉత్తరం తలుపు మీద కొట్టిన గాలి ఈసారి దక్షిణం కిటికీలు ఊడబీకింది. తుఫాను కన్ను మన మీదుగా వెళ్ళేటప్పుడు మధ్యలో అలా నిశ్శబ్దం అవుతుందని, రెండో గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుందని నాకు అప్పుడు తెలియదు. ఆయన నా చెయ్యి వదిలేసి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

రెండో గాలి మొదలయ్యాక గేదె అరుపు వినబడలేదు.

మీ మామయ్య నడుచుకుంటూ మర్నాడు రాత్రికి చేరారు. తాళ్ళు నీళ్ళకి నాని ముళ్ళు బిగుసుకుపోయాయి, వేళ్ళతో విప్పడం అవలేదు. కొడవలితో కోశారు. రెండో తాడు చూశారు, నా మొహం చూశారు, ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్దాయన తన గొడ్లని సాయంత్రమే విప్పి వదిలేశారట. అవి ఈదుకుంటూ ఏటిగట్టెక్కి, మూడో రోజున వాటంతట అవే ఇల్లు చేరాయి. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా మనుషులే పోయారు, వేటకెళ్ళిన పడవలు తిరిగి రాలేదు. గేదె కోసం ఏడుస్తావేమిటని వదినలు కేకలేశారు. ఆ ముళ్ళు వేసింది నేను కాబట్టి ఏడ్చాను.

నీకు గేదె లేదు కదా, ఇదంతా ఎందుకు రాశానంటావా? రేపు తుఫాను వస్తే నీ బడే ఊరికి షెల్టరు. వీఆర్వో, సచివాలయం వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి రమ్మంటారు. సగం మంది రారు. మొండితనమని అనుకోకు. పాకలో గేదె ఉంటుంది, మేకలు ఉంటాయి, పడవా వలా ఉంటాయి. వాటిని వదిలి రాలేక కూర్చుంటారు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు దాదాపు 10,000 మంది పోయారని సర్కారు లెక్క. 1990 మేలో మళ్ళీ అదే కృష్ణా మొగ దగ్గర అంత పెద్ద తుఫానే వచ్చింది. ముందే లక్షల మందిని కదిలించారు, పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఎవరో ఒకరు తలుపు తట్టి నచ్చజెప్పి తీసుకొస్తేనే జనం కదులుతారు. టీచరమ్మ మాట వింటారమ్మా, మాలాంటి వాళ్ళ మాట కన్నా ఎక్కువ వింటారు. "గొడ్లని విప్పేసి రండి, కట్టెయ్యకండి" అని నీ క్లాసు పిల్లల చేత ఇంట్లో చెప్పించు. అక్టోబరు నెలలో ఒకసారి, మే నెల సెలవుల ముందు ఒకసారి. గాలి మధ్యలో ఆగితే ఎవరినీ గడప దాటనివ్వొద్దని కూడా చెప్పించు. తలుపు దగ్గర నువ్వే నిలబడు. తిడితే తిట్టించుకో.

నీ దగ్గర కొత్త ఫ్రిజ్ ఉంది, స్కూటీ ఉంది, లోను పెట్టి కొన్న మంచాలు ఉన్నాయి. వాటి కోసం ఆగావని నాకు తెలిసిందో, వచ్చి చెవి మెలిపెడతాను. అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉన్న చెవైనా సరే.

రాత్రిళ్ళు సముద్రం హోరు వినిపిస్తే మొదట్లో నిద్ర పట్టదు. వారం పోతే అదే జోల అవుతుంది. నాకు ఇప్పటికీ ఆ హోరు లేకుండా పడుకుంటే ఏదో లోటుగానే ఉంటుంది. అక్కడి మనుషులు మంచివాళ్ళు. చేపల బుట్ట దింపినప్పుడు టీచరమ్మకని తీసి పెడతారు, డబ్బు వద్దంటారు, నువ్వు బలవంతంగా ఇవ్వాలి.

వచ్చే ఆదివారం మీ నాన్న వస్తున్నాడుగా, వాడి చేత కొత్త ఆవకాయ జాడీ పంపిస్తున్నాను, పిల్లాడికి బొంత కుట్టాను అదీ పంపిస్తున్నాను. సంచి అడుగున గోనెపట్టాలో చుట్టి చిన్న కొడవలి ఉంటుంది, చూసుకుని తియ్యి, పదునుగా ఉంది. తలుపు పైన మేకు కొట్టించి తగిలించు, పిల్లాడికి అందనంత ఎత్తులో, నీకు చీకట్లో కూడా చెయ్యి అందేటట్టు.

ఇట్లు,
మీ అత్తయ్య