‘కనబడలేదు’ అని రాసే ముందు

చిరంజీవి సుధకు, ఆశీస్సులు.

మీ పురుగుమందుల అవశేషాల ల్యాబులో నిన్ను కూరగాయల విభాగం నుంచి వంటనూనెల విభాగానికి మార్చారని రాశావు. "అదే క్వెచర్స్ కదా పెద్దమ్మా, శాంపిల్ ఒక్కటే మారింది" అన్నావు. శాంపిల్లోంచి పురుగుమందుల్ని ద్రావకంలోకి లాగే ఆ క్వెచర్స్ పద్ధతిలో ఆ ఒక్కటి మారితే మిగతావన్నీ మారతాయమ్మా. ఫోన్లో చెబితే సగం జారిపోతుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

టమాటాలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. నూనెలో నీళ్లు లేనట్టే, ఉన్నదంతా కొవ్వే. 2003లో అనస్తాసియాడెస్, లెహోటే తదితరులు క్వెచర్స్ పద్ధతిని ప్రచురించినప్పుడు వాళ్ల ముందున్నవి పండ్లూ కూరగాయలూ. నీళ్లున్న శాంపిల్లో అసిటోనైట్రైల్ అనే ద్రావకం కలిసిపోతుంది, ఉప్పులు వేయగానే విడిపోయి పైకొస్తుంది, వస్తూ వస్తూ మందుల్ని వెంటబెట్టుకొస్తుంది. నూనెతో అది కలవనే కలవదు. ఎంత కుదిపినా కాసేపటికి కింద నూనె, పైన అసిటోనైట్రైల్. మందు ఏ పొరలో ఉండాలన్నది దాని స్వభావాన్ని బట్టే తేలుతుంది. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ లాంటివి హాయిగా పైపొరలోకి వచ్చేస్తాయి. డీడీటీ, హెక్సాక్లోరోబెంజీన్, బైఫెంత్రిన్ లాంటి కొవ్వుప్రియులు కొంత భాగం కిందే ఉండిపోతాయి. హెక్సాక్లోరోబెంజీన్ అయితే సగం కూడా రాకపోవచ్చు. ఇంకో పది నిమిషాలు షేకర్ మీద పెడితే వస్తుందనుకోకు. అది కుదపడంలో లోపం కాదు. నూనె తూకం తగ్గించడం, ద్రావకం పెంచడం, రెండోసారి ఎక్స్‌ట్రాక్ట్ చేయడం, ఇవే దారులు. పది గ్రాములు తూచే అలవాటు కూరగాయల దగ్గరే వదిలేసి, పది మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్‌కి రెండు మూడు గ్రాముల నూనెతో మొదలుపెట్టు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏ మందు నీ నూనెలోంచి బయటికి రాలేదో ఆ మందు నీ రిపోర్టులో ‘కనబడలేదు’ అనే వస్తుంది. లేనందుకూ అదే మాట, నువ్వు తీయలేకపోయినందుకూ అదే మాట. ఆ రిపోర్టు చదివేవాళ్లకి తేడా తెలిసే మార్గం లేదు. వంటింట్లో మూకుడు పెట్టే తల్లికి అసలే లేదు. ఆ తేడా తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. అందుకని స్పైక్ రికవరీల్ని, అంటే మనం వేసిన మందులో ఎంత శాతం తిరిగి వచ్చిందో చూసే పరీక్షల్ని, ఆడిట్ కోసం చేసే తంతుగా చూడకు. శుభ్రమైన నూనెలో తెలిసిన మోతాదులో మందులు వేసి, బాగా కలిపి, కాసేపు ఊరనిచ్చి, తర్వాతే ఎక్స్‌ట్రాక్షన్ మొదలుపెట్టు. పైన చుక్క వేసి వెంటనే అసిటోనైట్రైల్ పోస్తే ఆ చుక్క నూనెలోకి వెళ్లకుండానే ద్రావకంలోకి పోతుంది, రికవరీ అందంగా వస్తుంది, ఆ అందం నిజం కాదు. నువ్వు రిపోర్ట్ చేయదలచిన కనిష్ఠ స్థాయిలో ఐదు, దానికి పది రెట్లలో ఐదు చెయ్యి. సగటు 70 నుంచి 120 శాతం మధ్య, ఆర్‌ఎస్‌డీ (ఐదు విలువల మధ్య చెదురు) 20 శాతం లోపు ఉండాలని యూరప్ వాళ్ల శాంటే మార్గదర్శకాలు అంటాయి. ఏదైనా మందు ప్రతిసారీ నిలకడగా 45 దగ్గరే వస్తుంటే దాన్ని జాబితాలోంచి కొట్టేయక్కర్లేదు. నిలకడ ఉంటే సవరించి రాయవచ్చు, కానీ సవరించామని రిపోర్టులో చెప్పాలి. ఒకసారి 40, ఒకసారి 90 వచ్చేదాన్ని మాత్రం నమ్మకు.

ఇక కొవ్వు తీయడం. నీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడికే పోతుంది, పోనివ్వు. అసిటోనైట్రైల్ పొరను ట్యూబుల్లోకి తీసి రాత్రంతా మైనస్ 20 డిగ్రీల్లో పెట్టు. పొద్దున చూస్తే అడుగున తెల్లటి పొరలు పేరుకుని ఉంటాయి, పైన ద్రావకం తేటగా ఉంటుంది. ఆ క్షణంలోనే పని జరగాలి. ట్యూబులన్నీ ఒకేసారి రాక్‌లో పెట్టి బల్ల మీదికి తెచ్చుకుంటే, ఆఖరి ట్యూబ్ దగ్గరికి వెళ్లేసరికి ఆ తెల్లపొర మళ్లీ కరిగిపోయి ఉంటుంది. ట్యూబు తేటగానే కనిపిస్తుంది కాబట్టి నీకు తెలియదు కూడా. రెండేసి ట్యూబులు తియ్యి, పైపెట్ ముందే సిద్ధంగా పెట్టుకో, చల్లబరిచే సెంట్రిఫ్యూజ్ ఉంటే ఇంకా మంచిది. ఆ తర్వాతే మిగిలిన చెత్తను పట్టే పౌడర్లు. పీఎస్‌ఏ ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లను పడుతుంది, సీ18 మిగిలిన కొవ్వును పడుతుంది, జిర్కోనియా పూతవి ఇంకాస్త గట్టిగా పడతాయి. ఆకుపచ్చ నూనె వస్తే కార్బన్ వేయాలనిపిస్తుంది. కార్బన్ క్లోరోఫిల్‌తో పాటు బల్లపరుపు అణువుల్నీ లాగేసుకుంటుంది. ముందే అంతంత మాత్రంగా వచ్చిన హెక్సాక్లోరోబెంజీన్ అక్కడ మరికొంత పోతుంది. చిటికెడు చాలు.

క్లీనప్ సరిపోయిందో లేదో రంగు చూసి చెప్పకు. ముందే తూచిన ఖాళీ వయల్లో ఒక మిల్లీలీటరు ఎక్స్‌ట్రాక్ట్ పోసి ఆరబెట్టి మళ్లీ తూచు. మిగిలిన మిల్లీగ్రాములే నీ జీసీ (మందుల్ని ఆవిరి చేసి విడదీసే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్) లోపలికి వెళ్లే చెత్త. ఈ చిన్న పని చాలా ల్యాబుల్లో చేయరు, నాకు మాత్రం దీని మీద ఉన్నంత గురి ఆ యంత్రం గీసే పీకుల గీత, క్రొమాటోగ్రామ్ మీద కూడా లేదు. సంఖ్య ఎక్కువగా ఉంటే అణువుల్ని సైజును బట్టి విడదీసే జీపీసీకి వెళ్లు. పాత పద్ధతే, ద్రావకం తాగుతుంది, నెమ్మది. కానీ దాని తర్కం గట్టిది. ట్రైగ్లిజరైడ్ అణుభారం 880 దరిదాపుల్లో, మందులు ఎక్కువగా 200 నుంచి 500 మధ్య. పెద్దవి ముందు బయటికి వచ్చేస్తాయి, వాటిని పారబోసి తర్వాతి భాగం పట్టుకోవడమే.

కొవ్వు జీసీలోకి వెళ్తే ఆవిరి కాదు, లైనర్ అనే లోపలి గాజు గొట్టంలోనే అంటుకుని కూర్చుంటుంది. మొదటి రోజు ఏమీ తెలియదు. తర్వాత పీకులకి తోకలు మొదలవుతాయి, రిటెన్షన్ టైములు (పీకులు బయటపడే సమయాలు) కదులుతాయి. డీడీటీ స్టాండర్డ్‌ని ఒంటరిగా ఇంజెక్ట్ చేసి చూడు. మురికి లైనర్ వేడికి డీడీటీ విరిగి డీడీడీ, డీడీఈ అవుతుంది. నువ్వు వేయని డీడీడీ పీక్ కనిపిస్తే లైనర్ మార్చాల్సిందే, కాలమ్ మొదటి భాగం కొంచెం కత్తిరించాల్సిందే. బ్యాచ్ మధ్యలో ఉందని, ఇంకో నాలుగు శాంపిళ్లే ఉన్నాయని ఆగకు.

క్యాలిబ్రేషన్ (పీక్ సైజును మోతాదుగా మార్చే గీత) ద్రావకంలో కట్టవద్దు, శుభ్రమైన నూనె ఎక్స్‌ట్రాక్టులోనే కట్టు. నూనెలోని సరుకు జీసీ లైనర్లో మందును పట్టేసే చురుకు చోట్లను కప్పేస్తుంది కాబట్టి మందు పీక్ పెద్దదిగా వస్తుంది. ద్రావకపు గీతతో పోలిస్తే లేనంత ఉన్నట్టు చూపిస్తుంది. ఎల్‌సీలో (ద్రవంతో విడదీసే యంత్రంలో) సాధారణంగా ఇందుకు తలకిందులు, అయనీకరణ తగ్గి ఉన్నది కూడా లేనట్టవుతుంది. ఆ బ్లాంక్ నూనెను, అంటే మందుల్లేని నూనెను, కూడా ముందు పరీక్షించుకో, సీసా మీద ‘ఆర్గానిక్’ అని ఉన్నంత మాత్రాన అది బ్లాంక్ అయిపోదు. నువ్వుల నూనె శాంపిల్‌కి నువ్వుల నూనే బ్లాంక్‌గా దొరికితే మంచిది.

శాంపిల్ తీసుకునే దగ్గర రెండు మాటలు. ట్యాంకులోంచి అయితే పైన, మధ్య, అడుగున తీసి కలపాలి, దీనికి ఐఎస్ఓ 5555 ప్రమాణం ఉంది. రంగు గాజు సీసాలోనే తెమ్మను, ప్లాస్టిక్ సీసాల నుంచి థాలేట్లు నూనెలోకి దిగి క్రొమాటోగ్రామ్‌ను పాడుచేస్తాయి. గడ్డకట్టిన కొబ్బరినూనెను చెంచాతో గీకి తూచే వాళ్లుంటారు. సీసా మొత్తం గోరువెచ్చగా కరిగించి, కలిపి, అప్పుడు తూచు. వచ్చిన నూనె పచ్చిదా, గానుగదా, రిఫైన్డా అని ఫారంలో తప్పకుండా రాయించుకో. రిఫైనింగ్ చివర వాసన పోవడానికి వాక్యూమ్‌లో, బాగా వేడి మీద ఆవిరి పంపుతారు, దాంతో ఆవిరయ్యే మందులు చాలా వరకు కొట్టుకుపోతాయి. రిఫైన్డ్ నూనె శుభ్రంగా వచ్చిందని గింజ కూడా శుభ్రమని ఎవరికీ చెప్పకు. అలాగే గ్లైఫోసేట్ అనే కలుపుమందు చూడమని ఎవరైనా నూనె పంపితే, అది నీళ్లలో కరిగేదని, నూనెలోకి దిగడం అరుదని ముందే చెప్పు. వాళ్లకి కావలసింది గింజ పరీక్ష.

పరిమితులు చాలా మందులకు గింజ మీదే పెడతారు, నూనె మీద కాదు. నలభై శాతం నూనె ఉన్న గింజలో కిలోకి 0.02 మిల్లీగ్రాముల కొవ్వుప్రియ మందు ఉండి, అదంతా నూనెలోకే దిగితే నూనెలో 0.05 అవుతుంది. యూరప్ 396/2005 చట్టంలో ప్రత్యేకంగా పరిమితి లేని మందుకు కిలోకి 0.01 మిల్లీగ్రాములు వర్తిస్తుంది, కానీ ఆ 0.01ని నూనె సంఖ్యకు నేరుగా అతికించకూడదు. ప్రాసెసింగ్ ఫ్యాక్టర్‌తో (గింజ నూనెగా మారేటప్పుడు మందు ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్యతో) గింజకి వెనక్కి లెక్కగట్టాలి. ఎండోసల్ఫాన్ అంటే ఆల్ఫా, బీటా, సల్ఫేట్ మూడూ కలిపి. ఒక్క ఆల్ఫా చూసి వదిలేస్తే పాత అవశేషమంతా నీ కళ్ల ముందే తప్పించుకుంటుంది, ఎందుకంటే కాలం గడిచే కొద్దీ మిగిలేది సల్ఫేటే.

పరిమితి దాటిన సంఖ్య వస్తే అదే వయల్ మళ్లీ ఇంజెక్ట్ చేసి సంతృప్తి పడకు. సీసాలోంచి కొత్తగా తూచి మొదటి నుంచి చెయ్యి. మందును గుర్తుపట్టే రెండు ట్రాన్సిషన్ల (అయాన్ జంటల) నిష్పత్తి స్టాండర్డ్‌తో ముప్పై శాతం లోపు, రిటెన్షన్ టైము 0.1 నిమిషం లోపు కలవాలి. కొలత అనిశ్చితి యాభై శాతం తీసుకుంటే, 0.01 పరిమితికి 0.018 వచ్చినా ఉల్లంఘన అని ఢంకా బజాయించి చెప్పలేం, 0.021 అయితే చెప్పగలం. ఇక్కడ నీ మీద రెండు వైపులా ఒత్తిడి ఉంటుంది, సరుకు ఓడ ఎక్కాలని ఒకరు, పేపర్లో పడాలని ఒకరు. ఇద్దరికీ అదే సంఖ్య, అదే అనిశ్చితి ఇవ్వు. ‘కనబడలేదు’ అన్న చోట ఏయే మందులు చూశావో, ఏ స్థాయి వరకు చూడగలవో పక్కనే రాయి. మీ ఫార్మాట్‌లో ఆ గడి లేకపోతే క్వాలిటీ మేనేజర్ని అడిగి పెట్టించు, ల్యాబులకిచ్చే ఐఎస్ఓ 17025 గుర్తింపు ఉన్న ల్యాబ్ కాబట్టి కాదనరు.

మొదటి స్పైక్ బ్యాచ్ అయ్యాక రికవరీల షీట్ నాకు పంపు. సగటులు తీసెయ్యకుండా ఐదు విలువలూ విడివిడిగా పంపు. బైఫెంత్రిన్, హెక్సాక్లోరోబెంజీన్ వరుసలు ముందు చూస్తాను. ఆరబెట్టిన వయల్ తూకాలు కూడా అదే షీట్‌లో వేసి పంపు.

మీ పెద్దమ్మ